ఒకదాని వెనుక ఒకటి: స్లైడ్ షోలు వరుసగా నడిపే పద్ధతి



ఈ రోజుల్లో బడిలో ఏ దినోత్సవం వచ్చినా స్లైడ్ షో లేకుండా జరగడం లేదు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం, ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం, మధ్యలో వనమహోత్సవం. చార్టులు తగ్గినాయి, గోడమీద తెర వచ్చింది. ప్రతి తరగతి తన జట్టుతో ఒక షో తయారు చేసుకుని పెన్ డ్రైవ్‌లో పట్టుకొస్తుంది. అంతవరకు బాగానే ఉంది. చిక్కు అంతా ఒక షో అయిపోయి ఇంకో షో మొదలయ్యే నడుమ ఉన్నది.

ఒక చిన్న లెక్క చూద్దాం

ఆరు జట్లు ఉన్నాయనుకోండి. కార్యక్రమానికి ఇచ్చిన టైము ఒక గంట. అంటే జట్టుకు పది నిమిషాలు. ఇప్పుడు ఒక జట్టు ముగించగానే ఏం జరుగుతుంది? షో ఆపాలి, ఫైలు మూయాలి, ఆ పెన్ డ్రైవ్ తీసి ఇంకొకటి పెట్టాలి, ఫోల్డర్లు వెతకాలి, "సేవ్ చెయ్యాలా వద్దా" అని అది అడిగితే జవాబు చెప్పాలి, కొత్త ఫైలు తెరిచి షో మొదలుపెట్టాలి. ఎంత గబగబా చేసినా మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆరు జట్ల మధ్య మార్పులు ఐదు. ఐదు మూళ్లు పదిహేను, ఐదు నాలుగులు ఇరవై. అనగా గంటలో పదిహేను నుండి ఇరవై నిమిషాలు ఏమీ చూడకుండానే పోయినట్టు. ఒకటిన్నర నుండి రెండు జట్ల టైము అది!

ఆ పోయిన టైము ఎవరిది? మొదటి జట్టుది కాదు. ఎప్పుడైనా చివరి జట్టుదే. చివరలో పెట్టేది చిన్న తరగతి పిల్లలను. వాళ్ల షో చూద్దామని గూడెం నుండి వచ్చిన తాతకు, అవ్వకు ఆఖరి బస్సు టైము అయిపోతుంది. కావున ఇది కంప్యూటర్ తెలివి చూపించుకునే సంగతి కాదు. ఎవరి వంతు వారికి దక్కే సంగతి. అందుకని షోలన్నిటినీ ముందే వరుస కట్టి పెట్టే పద్ధతులు ఇక్కడ రాస్తున్నాను. కంప్యూటర్ గదిలోకి పోయేటప్పుడు నోట్‌బుక్‌లో రాసుకుని పోండి.

కొంచెం చరిత్ర

కంప్యూటర్ రాక మునుపు కూడా స్లైడ్లు ఉండేవి. ఫోటో ఫిల్మును చిన్న చట్రంలో బిగిస్తే అది ఒక స్లైడు. 1961లో కోడాక్ కంపెనీ కెరొసెల్ అనే ప్రొజెక్టరు అమ్మకానికి తెచ్చింది. దాని మీద గుండ్రటి పళ్లెం లాంటిది ఉంటుంది. అందులో 80 స్లైడ్లు నిలబెట్టవచ్చు. మీట నొక్కినప్పుడల్లా పళ్లెం ఒక గడి తిరిగి తరువాతి స్లైడు దీపం ముందు పడుతుంది. ఒక పళ్లెం అయిపోతే ఇంకో పళ్లెం పెట్టాలి. మన పెన్ డ్రైవ్ మార్చే బాధ వాళ్లకూ ఉన్నదన్నమాట! కోడాక్ 2004లో స్లైడ్ ప్రొజెక్టర్లు చేయడం మానేసింది.

మనం వాడే పవర్‌పాయింట్ అమెరికాలో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో పుట్టింది. దానిని రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ మొదలైనవారు తయారు చేశారు. 1987లో మొదట మాకింటోష్ కంప్యూటర్ల కోసం వచ్చింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1 కోటి 40 లక్షల డాలర్లకు కొన్నది. విండోస్‌లో నడిచేది 1990లో వచ్చింది. ఇక లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్ అనేది ఇదే పని చేసే ఇంకొకటి. 2010లో మొదలైంది. పైసా కట్టనక్కరలేదు. ఎవరైనా వాడుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని

ఏ పద్ధతి అయినా సరే, ముందు షోలన్నీ ఒకే కంప్యూటర్‌లో, ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. పెన్ డ్రైవ్ మీదనుంచి నడపవద్దు. ఎవరి కాలో తగిలి ఊడితే షో ఆగిపోతుంది.

ఫైళ్లకు పేర్లు వరుస అంకెలతో పెట్టండి: 01 ఇప్పపువ్వు, 02 తుడుం, 03 నాగోబా జాతర, ఇట్లా. ముందు సున్న ఎందుకంటారా? కొన్ని టీవీలు, కొన్ని యంత్రాలు పేరును అక్షరం అక్షరంగా చదువుతాయి. అప్పుడు 1 తరువాత 10 వస్తుంది, 2 వెనుకబడుతుంది. 01, 02 అని రాస్తే ఆ తికమక ఉండదు.

మొదటి పద్ధతి: అన్నీ కలిపి ఒకే ఫైలు

ఇది అన్నిటికంటే గట్టి పద్ధతి. ఆరు షోలను ఆరుగా ఉంచకుండా ఒకే పొడుగు షోగా చేస్తాం.

1. పవర్‌పాయింట్‌లో ఖాళీ ఫైలు తెరవండి.
2. హోమ్‌లో న్యూ స్లైడ్ అనేదాని కింద ఉన్న చిన్న బాణం నొక్కండి. అడుగున రీయూజ్ స్లైడ్స్ అని ఉంటుంది.
3. పక్కన వచ్చిన గడిలో బ్రౌజ్ నొక్కి 01 ఫైలును చూపించండి. దాని స్లైడ్లన్నీ వరుసగా కనబడతాయి.
4. కీప్ సోర్స్ ఫార్మాటింగ్ అనే దగ్గర టిక్కు పెట్టండి. ఇది మరవవద్దు. టిక్కు లేకపోతే ఆ జట్టు కష్టపడి వేసుకున్న రంగులు, అక్షరాల తీరు పోయి అన్నీ ఒకే రూపంలోకి వచ్చేస్తాయి.
5. స్లైడ్లను అన్నీ చేర్చి, తరువాత 02, 03 ఇట్లా చివరిదాకా చేయండి.

ఇంప్రెస్‌లో అయితే స్లైడ్ అనే మెనూలో, ఫైలు నుండి స్లైడ్లు తెచ్చుకునే వరుస ఒకటి ఉంటుంది. అదీ ఇదే పని.

జట్టుకూ జట్టుకూ మధ్య ఒక నల్లటి స్లైడు పెట్టి, దాని మీద తరువాతి జట్టు పేరు మాత్రం రాయండి. ఆ స్లైడు తెరమీద ఉండగా ఒక జట్టు దిగుతుంది, ఇంకో జట్టు ఎక్కుతుంది. మార్పుకు నాలుగు నిమిషాలు కాదు, అర నిమిషం చాలు.

ఒక చిట్కా: ఏ జట్టు ఏ నంబరు స్లైడుతో మొదలవుతుందో కాగితం మీద రాసి కంప్యూటర్‌కు అంటించండి. షో నడుస్తుండగా ఆ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే పోతుంది. 37 కొట్టి ఎంటర్ అంటే 37వ స్లైడు. మధ్యలో కరెంటు పోయి వచ్చినా మొదటినుండి నొక్కుకుంటూ రానక్కరలేదు.

ఈ పద్ధతిలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కలిపిన తరువాత ఎవరైనా తమ పాత ఫైలులో దిద్దుకుంటే ఆ దిద్దుబాటు కలిపిన ఫైలులోకి రాదు. చేర్చింది నకలు మాత్రమే. కాబట్టి ముందురోజు సాయంత్రం స్టడీ అవర్ లోపలే మార్పులన్నీ అయిపోవాలని అందరికీ ముందే చెప్పాలి.

రెండవ పద్ధతి: విషయసూచిక పేజీ

పుస్తకం మొదట్లో విషయసూచిక ఉంటుంది కదా, అట్లా ఒక స్లైడు చేస్తాం. ఆరు షోలు ఆరుగానే ఉంటాయి. సూచిక స్లైడు మీద ఆరు పేర్లు రాసి, ఒక్కొక్క పేరును ఒక్కొక్క ఫైలుకు ముడి వేస్తాం. ఆ ముడినే లింక్ అంటారు.

పేరు రాసిన డబ్బాను ఎంచుకుని, ఇన్సర్ట్‌లో లింక్ నొక్కి, ఫైలును చూపించి ఓకే కొట్టాలి. అంతే. షో నడిచేటప్పుడు ఆ పేరు మీద నొక్కితే ఆ జట్టు షో తెరుచుకుంటుంది. అది అయిపోగానే మళ్లీ మన సూచిక స్లైడు ముందుకొచ్చి నిలబడుతుంది. తరువాతి పేరు నొక్కుకోవడమే.

దీనితో లాభమేమిటంటే వరుస మార్చుకోవచ్చు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చినా, ఒక జట్టులో పిల్లవాడికి జ్వరం వచ్చినా, వేరే పేరు ముందు నొక్కవచ్చు. ఎవరు ఎప్పుడు దిద్దుకున్నా కొత్తదే తెరుచుకుంటుంది, ఎందుకంటే ఇక్కడ నకలు లేదు.

జాగ్రత్త ఏమిటంటే, సూచిక ఫైలు, ఆరు షోలు ఒకే ఫోల్డర్‌లో పెట్టిన తరువాతనే ముడులు వేయాలి. తరువాత ఫోల్డర్ మొత్తాన్ని వేరే కంప్యూటర్‌కు తీసుకుపోయినా ముడులు పనిచేస్తాయి. ఒక్క సూచిక ఫైలునే తీసుకుపోతే పేర్లుంటాయి గాని వాటి వెనుక ఏమీ ఉండదు. ముడి వేసిన తరువాత ఫైలు పేరు మార్చినా అంతే సంగతి.

కొందరు ఇంకో విధంగా చేస్తారు. 01 షో చివరి స్లైడు నుండి 02కు ముడి, 02 చివర నుండి 03కు ముడి. చూడటానికి గొలుసు లాగ బాగుంటుంది. కాని 01 మూయబడకుండా దాని మీద 02, దాని మీద 03 తెరుచుకుంటూ పోతాయి. కుండ మీద కుండ పెట్టినట్టు. ఆరవది ముగిసినప్పుడు కిందున్న ఐదూ ఒక్కొక్కటే బయటపడతాయి. అందుకని గొలుసు కంటే సూచికే మేలు.

మూడవ పద్ధతి: దానంతట అదే తిరిగే షో

ప్రదర్శన రోజున వరండాలో ఒక కంప్యూటర్ పెట్టి, వచ్చేవాళ్లు పోయేవాళ్లు చూసేటట్టు షో తిరుగుతూనే ఉండాలనుకుంటే ఇది పనికొస్తుంది. ముందు మొదటి పద్ధతిలో అన్నీ కలిపి ఒకే ఫైలు చేసుకోవాలి. తరువాత:

1. ట్రాన్సిషన్స్‌లో ఆఫ్టర్ అనే చోట టిక్కు పెట్టి ఒక్కో స్లైడు ఎన్ని సెకన్లు ఉండాలో రాయండి. అప్లై టు ఆల్ నొక్కితే అన్నిటికీ వర్తిస్తుంది.
2. స్లైడ్ షోలో సెటప్ తెరిచి కియోస్క్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇక ఎస్కేప్ మీట నొక్కేదాకా షో తిరుగుతూనే ఉంటుంది. ఎవరైనా మౌస్ నొక్కినా స్లైడు మారదు.

కియోస్క్ పెట్టి సెకన్లు రాయకపోతే మాత్రం మొదటి స్లైడు మీదనే నిలబడిపోతుంది. "పాడైపోయింది సార్" అని పరుగెత్తక ముందు అది చూసుకోండి.

ఎన్ని సెకన్లు పెట్టాలి? ఆ స్లైడు మీద రాసింది పైకి నెమ్మదిగా రెండుసార్లు చదవండి. అంత టైము పెట్టండి. ఆరు జట్లు, జట్టుకు 10 స్లైడ్లు, స్లైడుకు 20 సెకన్లు అనుకుంటే మొత్తం 1200 సెకన్లు, అంటే 20 నిమిషాలకు ఒక చుట్టు. ఇక్కడ తెరకు ఎవరి మొహమూ తెలియదు. పదో తరగతికి ఎంతో ఐదో తరగతికీ అంతే.

కాని మిత్రులారా, ఈ సెకన్ల పద్ధతి ఎవరూ మాట్లాడని షోకు మాత్రమే. తెర పక్కన నిలబడి పిల్లలు మాట్లాడే కార్యక్రమానికి దీనిని పెట్టవద్దు. మనలో చాలామందికి ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. చిన్నవాళ్లు తెలుగులో మాట వెతుక్కుంటూ కొంచెం ఆగుతారు. వాళ్లు రెండో స్లైడు గురించి చెబుతుండగానే తెర నాలుగో స్లైడుకు పోతే వెనుక కూర్చున్నవాళ్లు నవ్వుతారు. ఆ పిల్లవాడు మళ్లీ స్టేజీ ఎక్కడు. యంత్రం మనిషి వెంట నడవాలి గాని మనిషి యంత్రం వెంట ఉరకకూడదు. అటువంటప్పుడు మీట ఇంకో పిల్లవాడి చేతికి ఇచ్చి, చెప్పేవాడి సైగ చూసి నొక్కమనాలి.

నాలుగవ పద్ధతి: వీడియోగా మార్చడం

కంప్యూటర్ లేని చోట, టీవీ మాత్రమే ఉంటే? ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్, అందులో క్రియేట్ ఎ వీడియో నొక్కితే షో వీడియోగా మారుతుంది. పవర్‌పాయింట్‌లో ఈ సదుపాయం 2010లో వచ్చింది. మనం సెకన్లు పెట్టుకోకపోతే స్లైడుకు 5 సెకన్ల చొప్పున తీసుకుంటుంది. అది చాలా తక్కువ, పెంచుకోవాలి. ఆరు వీడియోలను 01 నుండి 06 వరకు పేర్లు పెట్టి పెన్ డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే, చాలా టీవీలు ఒకదాని తరువాత ఒకటి ఆడిస్తాయి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే ఆరింటినీ ఒకేసారి ఎంచుకుని తెరిస్తే వరుసగా నడుస్తాయి. వీడియోలో మాత్రం ముడులు పనిచేయవు.

పాత పుస్తకాలలో పవర్‌పాయింట్ వ్యూయర్ అనే చిన్న ప్రోగ్రాం గురించి చదివి ఉంటారు. నోట్‌ప్యాడ్‌లో ఫైళ్ల పేర్లు ఒక్కో వరుసలో రాసి ఇస్తే అది జాబితా ప్రకారం షోలు నడిపేది. మైక్రోసాఫ్ట్ 2018 ఏప్రిల్‌లో దానిని ఆపివేసింది. దానికోసం వెతకనక్కరలేదు.

అక్షరాలు డబ్బాలైతే

అన్నిటికంటే మనకు ఎక్కువ బాధ పెట్టేది ఇదే. ఒక కంప్యూటర్‌లో చక్కగా కనబడిన అక్షరాలు ఇంకో కంప్యూటర్‌లో ఖాళీ డబ్బాలుగానో, పిచ్చి గుర్తులుగానో మారిపోతాయి. కారణం ఏమంటే ఫైలులో మామూలుగా అక్షరాల బొమ్మలు ఉండవు, "ఫలానా ఫాంటు వాడు" అన్న మాట మాత్రం ఉంటుంది. ఆ ఫాంటు రెండో కంప్యూటర్‌లో లేకపోతే అది ఏం చేస్తుంది పాపం!

తెలుగుకైతే యూనికోడ్‌లో టైపు చేస్తే చిక్కు చాలావరకు పోతుంది. విండోస్ 10లో నిర్మల అనే ఫాంటు ముందే ఉంటుంది, అందులో తెలుగు ఉన్నది. పాత డీటీపీ ఫాంటులతో టైపు చేసినవి మాత్రం ఆ ఫాంటు ఉన్నచోటే చదవవస్తాయి.

ఇక గోండి లిపి సంగతి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాత ప్రతులలోని లిపికి గుంజాల గోండి అని పేరు. 2018లో వచ్చిన యూనికోడ్ 11లో దానికి చోటు దొరికింది. అనగా ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరాలకు ఇప్పుడు సొంత నంబర్లు ఉన్నాయి. నోటో అనే ఉచిత ఫాంటులలో ఆ లిపికి కూడా ఒకటి ఉన్నది. కాని అది ప్రతి కంప్యూటర్‌లో ముందే ఉండదు. కాబట్టి గోండి అక్షరాలతో షో చేసిన జట్టు తప్పనిసరిగా ఇది చేయాలి: ఫైల్‌లో ఆప్షన్స్, అందులో సేవ్, అక్కడ ఎంబెడ్ ఫాంట్స్ అనే దగ్గర టిక్కు. అప్పుడు ఫాంటు ఫైలు లోపలే కూర్చుని షోతో పాటు ప్రయాణం చేస్తుంది. షోలను కలిపి ఒకే ఫైలు చేస్తే ఆ కలిపిన ఫైలులో కూడా మళ్లీ టిక్కు పెట్టాలి. ఇంప్రెస్‌లో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్ అనే చోట ఇదే ఉంటుంది.

తాత ముత్తాతల అక్షరాలు తెరమీదికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఒక్క టిక్కు లేక అవి డబ్బాలుగా కనబడితే, చూసే పెద్దల మనసు ఎంత చివుక్కుమంటుంది!

ఫైలు బరువు తగ్గించండి

ఫోనుతో తీసిన ఫోటో ఒక్కోటి 4 ఎంబీ ఉందనుకోండి. 60 స్లైడ్లకు 60 ఫోటోలు అంటే 240 ఎంబీ. పాత కంప్యూటర్ అంత బరువు మోయలేక స్లైడు మధ్యలో ఆగి ఆగి నడుస్తుంది. ఏదైనా ఫోటో మీద నొక్కి, పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్ నొక్కండి. ఆ ఒక్క ఫోటోకే అన్న టిక్కు తీసేస్తే అన్ని ఫోటోలూ ఒకేసారి తగ్గుతాయి. తెరమీద పెద్దగా తేడా తెలియదు.

చేతిలో పెట్టుకోవలసిన మీటలు

ఎఫ్5 : షో మొదటినుండి మొదలు.
షిఫ్ట్ పట్టుకుని ఎఫ్5 : ఇప్పుడున్న స్లైడు నుండి మొదలు.
బి : తెర నల్లగా అవుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ఎవరైనా మాట్లాడేటప్పుడు వాడండి.
ఎస్కేప్ : షో ముగింపు.
విండోస్ గుర్తు మీట పట్టుకుని పి : ప్రొజెక్టరుకు బొమ్మ పోకపోతే ఇది నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి.

ఫైలును సేవ్ యాజ్‌లో పవర్‌పాయింట్ షో రకంగా దాచుకుంటే, రెండుసార్లు నొక్కగానే నేరుగా షోనే మొదలవుతుంది.

ఏది ఎప్పుడు?

వరుస మారని సభకు: మొదటి పద్ధతి.
వరుస మారే అవకాశముంటే: రెండవ పద్ధతి.
వరండాలో ప్రదర్శనకు: మూడవ పద్ధతి.
టీవీ మాత్రమే ఉంటే: నాలుగవ పద్ధతి.

ఇవన్నీ ఇప్పుడున్న కంప్యూటర్‌లోనే ఉన్నాయి, కొత్తగా ఏమీ కొననక్కరలేదు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు మనం చేయవద్దు.

వార్డెన్ గారికి, సార్లకు ఒక చిన్న మనవి. కార్యక్రమానికి ముందురోజు కంప్యూటర్ గది ఒక గంటసేపు తెరిచి ఉంచితే చాలు. అరగంట కలపడానికి, అరగంట అదే ప్రొజెక్టరుతో మొదటినుండి చివరిదాకా నడిపి చూడటానికి. నకలు ఒకటి వేరే పెన్ డ్రైవ్‌లో ఉంచుకుంటాం, కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ ముందే నింపి ఉంచుకుంటాం.

ఇంకొక మాట. వరుస కట్టేటప్పుడు చిన్న తరగతులను ముందు పెట్టండి. పెద్దవాళ్లం మనకు టైము చాలకపోయినా రెండు స్లైడ్లు దాటేసి చెప్పుకోగలం. వాళ్లకు ఆ ఒక్క అవకాశమే పండుగ. 01 అన్న నంబరు ఐదో తరగతికి ఇవ్వండి.